తడి చేత్తో పట్టుకోవచ్చు

లామినేషన్ మిషన్ వేడెక్కుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్త రెయిన్‌కోటును ఇస్త్రీపెట్టె పక్కన మర్చిపోతే వచ్చేలాంటి వాసన. టౌరంగాలో నేను పనిచేసే ప్యాక్‌హౌస్‌లో, అంటే తోటల నుంచి వచ్చిన కివీ పండ్లను ఏరి పెట్టెలకెత్తే చోట, సీజన్ మొదలయ్యే ముందు గోడలకు అంటించే కాగితాలన్నింటికీ ప్లాస్టిక్ పూత వేయడం నా పనే. స్విచ్ వేయగానే ఆఫీసులో వాళ్ళంతా మొహం చిట్లించుకుని కిటికీలు తెరుస్తారు. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంటాను. నాకు నవ్వు కూడా వస్తుంది. ఎందుకు నవ్వుతున్నావని అడిగినవాళ్ళకు చెప్పడం మొదలుపెడితే టీ బ్రేక్ అయిపోతుంది గానీ కథ అవదు. గ్రేస్ రత్నకుమారి ఆంటీని ఎప్పుడూ చూడనివాళ్ళకు ఆవిడ గురించి నిలబడి చెప్పడం కుదరదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతాల్లో నేను దేశం దాటి హామిల్టన్‌లో చదువుకోవడానికి వచ్చి, ఆంటీ వాళ్ళింట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. మాది వరంగల్, వాళ్ళది నరసాపురం. ఆంటీ ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధులను కనిపెట్టుకుని చూసుకునే చోట, నర్సు. ఆనందరావు అంకుల్ నరసాపురంలో మిషన్ స్కూల్లో గుమాస్తాగా చేసి, రిటైరై, ఆంటీ వెంట ఈ దేశం వచ్చి, పెరట్లో టమాటా మొక్కలకూ చర్చిలో కుర్చీల వరసలకూ ఆంటీ లంచ్ బాక్సుకూ అధికారిగా ఉండేవారు. గది చూడ్డానికి వెళ్ళిన రోజున, హాల్లో గోడ మీద వాక్యం రాసిన క్యాలెండర్ ఉంటుందనుకున్నాను, ఉంది. దాని కింద అద్దాల బీరువా నిండా ఆల్బమ్‌లు ఉన్నాయి. పెళ్ళి ఫోటోలనుకుని ఒకటి తెరిచాను. బురదలో పొర్లుతున్న రగ్బీ ఆటగాళ్ళు, మీసాల క్రికెటర్లు, గాల్లోకి ఎగిరిన నెట్‌బాల్ అమ్మాయిలు. ఒక్కొక్కరూ అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద బొమ్మై, వెనకవైపు తమ ఎత్తూ బరువూ స్కోర్లూ రాయించుకుని ఉన్నారు.

"మీ బాబువా ఆంటీ?" అన్నాను.

"మా వాడు బంతి ఎదురొస్తే కళ్ళు మూసుకుంటాడమ్మా. ఇయ్యన్నీ నాయే," అన్నారు ఆంటీ. ఆ వెంటనే నా చేతుల వంక చూసి, "చేతులు కడుక్కున్నావా?" అని అడిగారు.

కడుక్కోలేదు. వాళ్ళింట్లో నేను చేసిన మొదటి పని సింకు దగ్గరకెళ్ళి మోచేతుల దాకా సబ్బు పట్టించడం. రెండో పని, ఆంటీ ఇచ్చిన తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా పొడిగా తుడుచుకోవడం. "తడి చేత్తో కార్డు ముట్టుకుంటే ఊరుకోను. అద్దె ఆలస్యమైతే ఊరుకుంటాను," అన్నారు. అంకుల్ వెనక నుంచి నాకు సైగ చేశారు, ఆవిడ చెప్పింది నిజమేనని.

ఆ సేకరణ ఎలా మొదలైందో ఆంటీ చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ ఒక కొత్త ముక్క కలిపి. వచ్చిన కొత్తలో రెస్ట్ హోమ్‌లో వాళ్ళ మాట ఆవిడకు అర్థమయ్యేది కాదు, ఆవిడ మాట వాళ్ళకు అర్థమయ్యేది కాదు. మందులివ్వడం, పక్క సర్దడం, వెళ్ళిపోవడం. రాన్ అనే పెద్దాయన, ఒకప్పుడు పాల ఆవుల పొలం నడిపినవాడు, ఎవరితోనూ పెదవి విప్పేవాడు కాదట. ఒకరోజు ఆయన సొరుగులో ఒక రగ్బీ కార్డు కనబడింది. ఆయన పిల్లల చిన్నప్పుడు ఏదో బ్రేక్‌ఫాస్ట్ డబ్బాలో వచ్చినది. "ఎవరండీ ఈయన, మీ తమ్ముడా?" అని అడిగారు ఆంటీ. రాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆ ఆటగాడి గురించీ, వాన పడుతున్న మైదానం గురించీ, ఆ రోజు పాలు పితకడం ఆలస్యమై ఆవులు పెట్టిన గోల గురించీ ఆపకుండా మాట్లాడాడు. మర్నాడు ఆ కార్డు ఆంటీకి ఇవ్వబోయాడు. నర్సులు కానుకలు తీసుకోకూడదని రూలు. ఆవిడ డ్యూటీ దిగి, వీధి మలుపులో ఉన్న డైరీకి వెళ్ళి, మన చిల్లర కొట్టు లాంటిదే, ఒక క్రికెట్ కార్డుల ప్యాకెట్ కొని, అందులోంచి ఒకటి రాన్‌కి ఇచ్చి ఆయనది తీసుకున్నారు. "ఇచ్చి పుచ్చుకోడం కానుక కాదు కదమ్మా," అనేవారు నాతో, ఇప్పటికీ ఎవరో విచారణకు వస్తారన్నట్టు. అప్పట్నుంచి హోమ్‌లో ఒక గదిలో క్రికెట్ కార్డులూ కబుర్లూ, ఒక గదిలో నెట్‌బాల్, ఒక గదిలో రగ్బీ. ఆంటీ ఇంగ్లిష్ నేర్చుకున్నది ఆ కార్డుల వెనక వైపు చదివే. ఆవిడ మాట్లాడితే సగం నర్సులా, సగం మ్యాచ్ కామెంటరీలా ఉండేది.

ఇక ఆంటీకి ఒక కోరిక ఉండేది. హామిల్టన్‌లో ఏడాదికోసారి కార్డులు పోగుచేసేవాళ్ళంతా ఒక హాల్లో కలిసి, మార్చుకునేవి మార్చుకుని, గొప్పలు చెప్పుకునేవి చెప్పుకుని వెళ్తారు. ఆ హాలు మధ్యలో ఒక టేబుల్ ఉంటుంది. అక్కడ ఏమీ మార్చుకోరు. ఆ ఏడాదికి ఒక్కరి సేకరణను ఎంచి అందరూ చూడ్డానికి పరుస్తారు, అంతే. ఆంటీ ఏళ్ళ తరబడి పులిహోర డబ్బా పట్టుకుని ఆ హాలుకు వెళ్ళి వస్తున్నారు. పులిహోర గురించి అందరూ అడిగేవారు గానీ ఆల్బమ్‌ల గురించి ఎవరూ అడగలేదు. ఆ సంవత్సరం ఆవిడే అడిగేశారు. ఆ కూటానికి పెద్ద గ్రాహం, ట్రాక్టర్లు బాగుచేసే మనిషి, చలికాలంలో కూడా నిక్కరుతో తిరిగే నిలువెత్తు మనిషి. ఆయన కాస్త ఆలోచించి, "మొత్తం ఇన్వెంటరీ రాసి ఇవ్వు గ్రేస్. ఏ కార్డు, ఏ ఏటిది, ఏ స్థితిలో ఉంది, అన్నీ. అది చూసి చెప్తాం," అన్నాడట. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆంటీ నా గది తలుపు కొట్టారు.

"స్వప్నా, నువ్వు చదువుతున్నది సరుకు లెక్కలేగా?"

"సప్లై చైన్ ఆంటీ."

"అదే. రేపు శనివారం. ల్యాప్‌టాప్ తెచ్చుకో."

ఎక్సెల్ షీటు తెరిచి, ఆటగాడి పేరు, సంవత్సరం, సెట్టు, కార్డు నంబరు, స్థితి అని గడులు పెట్టుకుని, ఒక మధ్యాహ్నంలో అయిపోతుందనుకున్నాను. ఆంటీ పద్ధతి తెలియక. వార్డులో తాళం వేసి ఉంచే మందులను ఒక్క నర్సు లెక్కపెట్టకూడదట. ఒకరు తీసి చూసి చెప్పాలి, ఇంకొకరు తమ కళ్ళతో చూసి ఔననాలి, అప్పుడే రాయాలి. కార్డులకూ అదే అమలైంది. అంకుల్ కార్డు తీసి, చర్చిలో వాక్యం చదివే గొంతుతో, పేరూ ఎత్తూ బరువూ చదివేవారు. ఆంటీ కళ్ళద్దాలు పైకెత్తి చూసి "ఉంది" అనేవారు. అప్పుడు నేను టైపు చేయాలి. అంకుల్ గొంతులో ఒక ఫాస్ట్ బౌలర్ బరువు వింటుంటే, ఆమెన్ అనాలనిపించేది. ఒకసారి అనేశాను కూడా. ఆ రోజు లెక్క ముందుకు సాగలేదు, ముగ్గురం నవ్వు ఆపుకోలేక.

గడులు కూడా నేను పెట్టినవి చాలలేదు. "ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాయవా?" అన్నారు ఆంటీ. పెట్టాను. "ఏం మాట్లాడారో?" అన్నారు. అది ఇన్వెంటరీలో ఉండదు ఆంటీ అన్నాను. "నీ ఇన్వెంటరీలో ఉండదేమో. నాదాన్లో ఉంటది." అలా మా షీటులో ఒక వికెట్‌కీపర్ పక్కన, "బెరిల్ గారు. ఈయన్ని పెళ్ళి చేసుకుందామనుకున్నారట, ఈయనకి చెప్పలేదు" అని ఒక వాక్యం ఉండేది.

స్థితి గడి దగ్గర పెద్ద గొడవే అయింది. కార్డు ఎలా ఉందో చెప్పడానికి గ్రాహం ఒక వరస ఇచ్చాడు. కొత్తదానిలా ఉంటే మింట్, అక్కణ్ణుంచి దిగుతూ దిగుతూ ఆఖరున పూర్. ఒక పాత హాకీ కార్డు మూలలు మెత్తబడి, మధ్యలో టీ మరకతో వచ్చింది. నేను పూర్ అని కొట్టాను.

"అదేంటది, చెరిపెయ్యి," అన్నారు ఆంటీ.

"గ్రాహం చెప్పిన మాటే కదా ఆంటీ. గింత మరక ఉంటే పూర్ అంటరు."

"వార్డులో ఒక మనిషి వస్తే పూర్ అని రాసి ఫైలు మూసేస్తామా? ఏం చూశావో అది రాయి. ఏమనుకున్నావో అది రాయకు." లేచి వెళ్ళి తన డ్యూటీ బ్యాగులోంచి పుండ్లు కొలిచే కాగితపు స్కేలు తెచ్చి, టీ మరక మీద పెట్టి, అడ్డం నిలువు కొలిచారు. "రాసుకో. కుడి పైమూల మెత్తబడింది. మధ్యలో టీ మరక, గుండ్రం, పొడిగా ఉంది, పాకట్లేదు." పాకట్లేదనే మాట కూడా టైపు చేశాను. ఇప్పుడు ప్యాక్‌హౌస్‌లో దెబ్బ తగిలిన పండు గురించి నేను రాసే రిపోర్టులు చూసి మా మేనేజరు, నీకు ఇలా రాయడం ఎవరు నేర్పారని అడుగుతుంటాడు.

ఆ శనివారాల్లోనే ఒకసారి నా ఉద్యోగాల దరఖాస్తు కూడా ఆ బల్ల మీదకొచ్చింది. చదువు అయిపోవస్తోంది, ఎక్కడికి రాసినా జవాబు లేదు. నాలో ఏమేం లేవో నాకు కంఠతా వచ్చు. ఇక్కడ పనిచేసిన అనుభవం లేదు, వాళ్ళ యాస లేదు, డ్రైవింగ్ అంటే వణుకు. హామిల్టన్‌లో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా రాదు. అవన్నీ ఏకరువు పెట్టాను. ఆంటీ విన్నారు. "మా హోమ్‌లో కొత్తగా ఒకళ్ళు చేరితే కేర్ ప్లాన్ రాస్తామమ్మా. నడవలేరు, లేవలేరు అని రాసి ఊరుకుంటే తిడతారు. అది రాశాక, ఏం చెయ్యగలరో కూడా రాయాలి. లేవలేరు, కానీ చెంచా పట్టుకోగలరు. చెంచా రాయకపోతే తర్వాత వచ్చిన నర్సు నోట్లో పెట్టేస్తది, ఆయన చెంచా కూడా మర్చిపోతాడు." నాకు కళ్ళు చెమర్చాయి. అంకుల్ కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఆయ్, చెంచాతో మొదలెడదాం," అన్నారు. ఆ సాయంత్రం ఖాళీ పార్కింగ్‌లో ఆయన పక్కన కూర్చుంటే మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నాను.

ఇన్వెంటరీ ఆఖరికి వచ్చింది. ఎర్ర ఆల్బమ్ ఒక్కటే మిగిలింది. అందులో ఆంటీ ప్రాణంగా చూసుకునే కార్డులుండేవి. రాన్ ఇచ్చిన మొదటి కార్డు అందులోనే. టేబుల్ దొరికితే నడిమధ్యన పెట్టాల్సినవి అవే. వాటిని చివరికి ఉంచుకుంది కూడా అందుకే, పాయసం చివర్న తిన్నట్టు. ఆంటీ చెయ్యి చాచగానే అంకుల్, "ఉండు కుమారీ, అది నేను తెస్తాను," అని పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ లోపలికెళ్ళారు. అంతకుముందు చలికాలంలో ఆ ఇంట్లో చెమ్మ పట్టి కొన్ని కార్డులకు బూజు వచ్చింది. హామిల్టన్‌లో పొగమంచు ఎక్కువ, అల్మరాలో చెప్పులకు కూడా బూజు వస్తుంది. ఆంటీ ఆ బూజు కార్డులు చూసి వారం పాటు సరిగా అన్నం తినలేదు. అంకుల్ అది మర్చిపోలేదు. ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే ఒక లామినేషన్ మిషన్ కొనుక్కొచ్చి, ఆంటీ డ్యూటీలో ఉన్నప్పుడు గరాజులో కూర్చుని, ఎర్ర ఆల్బమ్‌లో ఉన్న ప్రతి కార్డుకూ ఆ పూత వేసేశారు. పెళ్ళిరోజు కానుకట.

ఆయన తప్పేముంది? మన వైపు విలువైనది ఏదైనా చేతికొస్తే మొదట చేసే పని అదే. మార్కుల మెమో, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, చనిపోయిన తాత ఫోటో. స్కూల్లో అంకుల్ వేల సర్టిఫికెట్లకు అలా రక్షణ కల్పించినవారు. కార్డులు పోగుచేసే లోకంలో మాత్రం అంతకు మించిన పాపం లేదని నాకు తెలుసు. ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్‌ను తీస్తే బొమ్మ కూడా ఊడొస్తుంది. అది ఆంటీకీ తెలుసు. అంకుల్‌కి ఒక్కరికే తెలియదు.

"ఇంక చెమ్మ కాదు కదా, గోదావరి వరదొచ్చినా ఏం చెయ్యలేదు," అన్నారు అంకుల్, ఆల్బమ్ తెరిచి పెట్టి. కార్డులన్నీ తళతళలాడుతున్నాయి.

ఆంటీ కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. నాకు ఆగలేదు. "అయ్యో అంకుల్, గిట్ల చేస్తే ఖరాబైనట్టే లెక్క కదా," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. అంకుల్ నా వంక చూశారు, ఆంటీ వంక చూశారు, తర్వాత తన చేతుల వంక చూసుకున్నారు. ఆయన మొహంలో పెళ్ళికొడుకు మాయమైపోయాడు. అప్పుడే బయట వాన మొదలైంది. "బట్టలు తడిసిపోతున్నాయి," అని ఆంటీ లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

నేను నెమ్మదిగా అంకుల్‌తో, ఎర్ర ఆల్బమ్ వదిలేసి మిగతావే ఇన్వెంటరీలో చూపిద్దాం, గ్రాహం‌కి తెలియదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఆడించారు. "మీ ఆంటీ దాచదు. ఉన్నాయి కదా, లేవని రాయమంటావా అంటది. రాస్తే టేబుల్ పోద్ది. నా మూలంగా పోద్ది," అన్నారు. అంత చిన్న గొంతు ఆయన నోట ఎన్నడూ వినలేదు. వాన పెద్దదైంది.

ఆంటీ చంకలో తడిసిన దుప్పట్లతో, ముంగురుల నుంచి నీళ్ళు కారుతూ లోపలికొచ్చారు. దుప్పట్లు కుర్చీ మీద పడేసి, నిలబడే, ఎదురుగా ఉన్న రాన్ కార్డును చేతిలోకి తీసుకున్నారు. చేతులు తుడుచుకోకుండా. ఆ ఇంట్లో అటువంటిది నేను చూడలేదు, అంకుల్ కూడా చూసి ఉండరు. ఆవిడ వేళ్ళ నుంచి నీటి చుక్కలు కార్డు మీద పడి, జారి, బల్ల మీద పడ్డాయి. రాన్ కార్డులోని ఆటగాడు లోపల హాయిగా పొడిగా ఉన్నాడు. అప్పుడు గానీ ఆంటీకి తానేం చేస్తున్నారో తెలియలేదు. కార్డు వైపు చూశారు. తన చేతి వైపు చూశారు. కార్డును కావాలని ఇంకోసారి తడి చేత్తో రుద్దారు. నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వు ముందు భుజాల్లో మొదలయ్యేది, గొంతు దాకా రావడానికి కాస్త టైము పట్టేది.

"రాయవే స్వప్నా. స్థితి. రెండు వైపులా ప్లాస్టిక్ పూత. తియ్యడం కుదరదు." నేను టైపు చేశాను. ఆవిడ ఇంకా కార్డునే చూస్తున్నారు. "ఇంకా రాయి. తడి చేత్తో పట్టుకోవచ్చు."

"ప్రతి దానికీ రాయాల్నా?"

"ప్రతి దానికీ. ఏవండోయ్, నిలబడ్డారేం, చదవండి మరి!"

అంకుల్ చదివారు. మొదటి రెండు కార్డులు ఆ చిన్న గొంతుతోనే. మూడో దానికి వాక్యం చదివే గొంతు తిరిగి వచ్చేసింది. "ఒక్క గాలి బుడగ కూడా లేదండీ, ఎంత బాగా అతికించారు," అన్నారు ఆంటీ మధ్యలో. అది నిజమే. అదీ రాయమన్నారు, రాశాను.

గ్రాహం ఇంటికి వచ్చి, గమ్‌బూట్లు గుమ్మంలో విప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇన్వెంటరీ మొత్తం చదివాడు. అడగకుండానే ఆంటీ ఆయన చేత చేతులు కడిగించారు. బెరిల్ గారి దగ్గర ఆగి గట్టిగా నవ్వాడు. ఎర్ర ఆల్బమ్ దగ్గరకొచ్చేసరికి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "గ్రేస్, ఇది ఎవరు చేశారు?" అన్నాడు. అంకుల్ లేచి నిలబడి, "నేను సార్," అన్నారు. గ్రాహం ఆయన్ని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. స్థితి గడి చివర వేలు ఆనించాడు. "తడి చేత్తో పట్టుకోవచ్చు," అని పైకి చదివాడు. కిందిది చదివాడు. అదే. ఇంకో పేజీ తిప్పాడు. అక్కడా అదే.

"మా హాల్లో ఎప్పుడూ ముట్టుకోవద్దు అనే బోర్డులే ఉంటాయి," అన్నాడు. "మా అమ్మ వస్తుంది ప్రతి ఏడూ. చేతులు వణుకుతాయి. దూరం నుంచి చూసి వెళ్ళిపోతుంది." ఆ తర్వాత, కొందరు నవ్వుతారు గ్రేస్, ముందే చెప్తున్నా అన్నాడు. "నవ్వనివ్వండి. నవ్వడానికే కదా వస్తారు," అన్నారు ఆంటీ. గ్రాహం వెళ్ళేటప్పుడు ఆయనకు ఒక డబ్బా పులిహోర, మాకు మధ్య టేబుల్, రెండూ ఖాయమయ్యాయి.

నవ్వారు, నిజమే. కార్డుల కూటం రోజు పొద్దున హాల్లో ఒకాయన మా టేబుల్ ముందు నిలబడి, అయ్యో అయ్యో అని గుండె పట్టుకున్నాడు. కానీ మేం పెట్టిన బోర్డు మీద పెద్ద అక్షరాలతో "తీసి పట్టుకోండి" అని ఉంది. మొదట బయట సాసేజ్‌లు తింటున్న పిల్లలు వచ్చారు, వేళ్ళ నిండా టమాటా సాసుతో. వాళ్ళ తల్లులు వద్దువద్దంటూ పరుగెత్తుకొచ్చారు. ఆంటీ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కార్డు పెట్టారు. అంకుల్ తడిగుడ్డ పట్టుకుని, తిరిగొచ్చిన ప్రతి కార్డునూ తుడిచి, ఇన్వెంటరీలో చూసుకుని, చోట్లో పెడుతున్నారు. ఆయన్ని చూస్తే పెళ్ళికొడుకు తిరిగి వచ్చేశాడు. గ్రాహం వాళ్ళమ్మ ఒక నెట్‌బాల్ అమ్మాయిని రెండు చేతుల్లో పెట్టుకుని కదల్లేదు. మధ్యాహ్నానికి రెస్ట్ హోమ్ వ్యాన్ వచ్చింది. రాన్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయన చేతులు అప్పటికి ఏ వస్తువునూ సరిగా నిలపలేవు, కళ్ళ నుంచి నీళ్ళు వాటంతటవే కారుతుంటాయి. ఆంటీ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కార్డు ఆయన వేళ్ళ మధ్య పెట్టారు. అది జారి నేల మీద పడింది. ఎవరో అయ్యో అన్నారు. అంకుల్ తీసి, తుడిచి, మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ పడింది. మళ్ళీ ఇచ్చారు.

"ఎవరండీ ఈయన, మీ తమ్ముడా?" అని అడిగారు ఆంటీ.

రాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఎందుకో తెలియకపోయినా నవ్వారు. పొద్దున గుండె పట్టుకున్నాయన కూడా పక్కన కుర్చీ వేసుకుని, ఆ వాన పడుతున్న మైదానం కథంతా విన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి ఆంటీ రిటైరై, ఇద్దరూ కొడుకు దగ్గర ఉండడానికి పెర్త్ వెళ్ళారు. మిగతా ఆల్బమ్‌లు వాళ్ళతో వెళ్ళాయి. ఎర్రది మాత్రం రెస్ట్ హోమ్‌లో టీ బల్ల మీదే ఉంది, ఎవరైనా తీయొచ్చు, ఏ చేత్తోనైనా. ఇన్వెంటరీలో ఎక్కడుందనే కొత్త గడి పెట్టి ఆ మాట రాయించి మరీ వెళ్ళారు. ఆదివారాలు ఫోన్ చేసి మొదట నా ఆరోగ్యం, తర్వాత, నేను అప్పుడప్పుడు వెళ్ళి చూసొచ్చే ఆ ఆల్బమ్ ఆరోగ్యం అడుగుతుంటారు.

వాళ్ళకంటే ముందే నేను టౌరంగాకు వచ్చేశాను, ఈ ఉద్యోగం వచ్చి. హామిల్టన్ నుంచి ఇక్కడికి రావాలంటే మధ్యలో కైమాయ్ కొండలు దాటాలి, మలుపులు, లారీలు, మబ్బు. ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ బయలుదేరాను. కారు ఎక్కేముందు అంకుల్ ఒక కవరు చేతిలో పెట్టి, కొండ మీద ఆగి చూసుకోమన్నారు. పైన కారు ఆపుకునే చోట ఆగి తెరిచాను. అరచేతిలో పట్టేంత కార్డు. ముందు వైపు ఆ హాల్లో ల్యాప్‌టాప్ ముందు నోరు తెరిచి నవ్వుతున్న నేను. వెనక వైపు ఆంటీ రాత. పేరు స్వప్న. ఎక్కడి నుంచి వచ్చింది, వరంగల్, మా వెనక గది. స్థితి, మూలలు కొంచెం అరిగాయి, మధ్యలో మడత లేదు. ఏం చెయ్యగలదు, లెక్క చూడగలదు, తినకపోయినా నవ్వగలదు, కొండ మీద ఒక్కతే డ్రైవ్ చెయ్యగలదు. రెండు వైపులా ప్లాస్టిక్ పూత. ఒక్క గాలి బుడగ లేదు. నాకు ఏడుపొచ్చింది. కార్డు మీద కన్నీళ్ళు టపటపా పడ్డాయి. కంగారుగా చున్నీతో తుడిచాను. ఏమీ కాలేదు.

ప్యాక్‌హౌస్‌లో సీజనుకు కొత్తగా చేరేవాళ్ళ గురించి రాసే కాగితంలో ఒక గడి నేను అదనంగా పెట్టించాను. రానివి రాశాక, వచ్చినవి కూడా రాయాలి. చదవడం రాదు, రంగు చూసి పండు పట్టేస్తాడు. ఎక్కువసేపు నిలబడలేదు, కూర్చుంటే ఇద్దరి పని చేస్తుంది. ఆ కాగితాన్నీ లామినేట్ చేస్తాను. ఈ పూట ఆ పని చేస్తూ, కోల్డ్ స్టోర్‌లోంచి వచ్చిన తడి చేతులతోనే పర్సులోంచి నా కార్డు బయటికి తీశాను. చేతులు తుడుచుకోలేదు.